అల ఎత్తు ఒక్కటి చెబితే సరిపోతుందా?

కళింగపట్నం కుర్రోడు:
"అలలు 2 మీటర్లు" అని హెచ్చరిక రాగానే బాబాయిని వేటకు వెళ్లొద్దన్నాను. "ఎత్తు సరేరా, కెరటానికీ కెరటానికీ సందెంతో చెప్పు" అన్నాడు. ఓడ ఎంత ఊగుతుందో కంప్యూటర్ ముందే చెప్పే రోజుల్లో ఈ కంటి అంచనా ఎందుకండీ? నేను లెక్కనే నమ్ముతాను.

ఓడ ఇంజనీరు, సోంపేట:
తమ్ముడూ, మీ బాబాయి అడిగిందే లెక్కలో మొదటి ప్రశ్న. లోతు నీటిలో 6 సెకన్లకో అల వస్తే దాని పొడవు 56 మీటర్లు. 11 సెకన్లకొకటైతే దాదాపు 190. ఆ పొడుగు అల మీద 9 మీటర్ల ఫైబర్ బోటు నెమ్మదిగా ఎక్కి దిగుతుంది. అదే అల ఒడ్డు దగ్గర లోతు తగ్గినచోట లేచి విరిగితే బోటును తిరగేస్తుంది. ఇక 190 మీటర్ల ఓడ నడుం కింద ఆ అల శిఖరం వచ్చిందంటే రెండు కొసలూ వేలాడతాయి. పెద్ద కంటైనర్ ఓడలో డెక్ కింది నడవాలో ఈ చివర నిలబడి చూస్తే, ఆ చివర లైట్లు పైకీ కిందికీ కదులుతాయి. ఇనుము వంగుతోందన్న మాట. మొదటిసారి చూసినప్పుడు నాకు కాళ్లు వణికాయి.

ఇంకోటి. హెచ్చరికలో చెప్పే ఎత్తు, అలల్లో పెద్దవైన మూడో వంతు సగటు. కొన్ని గంటల్లో దానికి దాదాపు రెట్టింపు అల ఒకటి రావచ్చు.

లెక్కల మాస్టారు, చీపురుపల్లి:
అవన్నీ లెక్కలో ఉన్నవే కదా! ఓడను ఆనపకాయలా చక్రాలుగా కోసి, ఒక్కో ముక్క మీద నీటి బలం కట్టి కూడే పద్ధతికి 1970లో సాల్వెసెన్, టక్, ఫాల్టిన్సెన్ అనే ముగ్గురు పరిశోధకులు మంచి రూపమిచ్చారు. మామూలు సముద్రంలో అది బాగా సరిపోతుంది.

ఓడ ఇంజనీరు, సోంపేట:
మామూలు సముద్రంలో అవును మాస్టారూ. అల రెట్టింపైతే ఊపూ రెట్టింపు అనుకునే లెక్క అది. ముక్కు నీళ్లలోంచి లేచి దభీమని పడితే ఓడంతా అదురుతుంది, ఆ అదురు అందులో రాదు. 2013 జూన్‌లో యెమెన్‌కు దూరంగా ఎం.ఓ.ఎల్. కంఫర్ట్ నడిమికి విరిగింది. 316 మీటర్ల కంటైనర్ ఓడ, వయసు అయిదేళ్లు, నిబంధనల ప్రకారం కట్టిందే! 26 మందీ బతికి బయటపడ్డారు. 2015లో కంటైనర్ ఓడల నిబంధనలు మారాయి, పెద్దవాటికి ఆ అదురునూ చూడాలన్నారు.

లెక్కల మాస్టారు, చీపురుపల్లి:
అంటే లెక్క పెరగాలి. కంటి అంచనా గెలిచినట్టు కాదు.

కళింగపట్నం కుర్రోడు:
ఆ మాట నాదీనూ, మాస్టారూ. కానీ రేపట్నుంచి మా రేవు బోర్డు మీద ఎత్తు పక్కన సెకన్లు కూడా రాయమని అడుగుతాను. బాబాయికి కావలసింది అదే.