పీఎస్5 గేమ్ మెషీన్ కొన్నాక ఆన్‌లైన్‌కి మళ్లీ డబ్బు కట్టాలా?

ప్రశ్న: పీఎస్5 కొనమని తమ్ముడు ప్రాణం తీస్తున్నాడు. ఆన్‌లైన్‌లో ఆడాలంటే విడిగా కట్టాలట, నిజమేనా? నెట్ బిల్లు కడుతున్నాం కదా, మళ్లీ ఇదేంటి?

జవాబు 1: నిజమే అన్నా. ఈఏ ఎఫ్‌సీ లాంటి కొనుక్కునే ఆటల్లో వేరేవాళ్లతో ఆడాలంటే ప్లేస్టేషన్ ప్లస్ అనే సోనీ వాళ్ల చందా ఉండాలి, అందులో అన్నిటికన్నా కింది ప్లాన్ ఎసెన్షియల్ చాలు, పై ప్లాన్ల జోలికి వెళ్లకు. ఫోర్ట్‌నైట్ లాంటి ఫ్రీ ఆటలకి అక్కర్లేదు.

జవాబు 2: పీసీ ఉంటే ఈ గోలే లేదు, పీసీ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఆన్‌లైన్ ఫీజంటూ ఉండదు. అలాంటిదే ఇంకోటి, ఎపిక్ స్టోర్‌లో అప్పుడప్పుడూ పెద్ద ఆటలే ఊరికే ఇస్తారు, 2020 మేలో జీటీఏ 5 నాకు అలాగే దొరికింది, మా నెట్‌కి డౌన్‌లోడ్ అవడానికే రెండు రాత్రులు పట్టింది, అది వేరే కథ. ప్లస్‌లో నెలనెలా ఇచ్చే ఆటలైతే చందా ఆపగానే తెరుచుకోవు.

జవాబు 3: ఫ్రీ అంటే మరీ ఫ్రీ కాదు బాబూ. మావాడు ఓ ఫ్రీ ఆటలో కత్తి స్కిన్ కోసం నా కార్డు గీకేశాడు, పోనీ దెబ్బైనా గట్టిగా తగులుతుందా అంటే అదీ లేదు, రంగు మారిందంతే!