కెనెడీ అన్న 'వి' మనమా, మేమా?

గోదారిగట్టు:
కెనెడీ 1961 జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేశాక ఇచ్చిన ప్రసంగాన్ని సరదాకి తెలుగు చేస్తున్నాను. చిక్కంతా 'వి' (we) అనే మాట దగ్గర. ఎంత మూల్యమైనా చెల్లిస్తాం, ఎంత బరువైనా మోస్తాం అంటాడు కదా, అక్కడ 'మేము' అనాలా 'మనం' అనాలా? ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట, ఆయన హాయిగా వాడేశాడు, నాకిక్కడ ప్రతి వాక్యానికీ టెన్షన్. అంతా 'మనం' పెట్టేస్తే పోలా?

పాతపేపర్లు:
పోదండీ. ఎవరితో మాట్లాడుతున్నాడో చూడండి. మీరు చెప్పిన వాక్యం 'ప్రతి దేశమూ తెలుసుకోవాలి' అంటూ మొదలవుతుంది, చెప్పేది బయటివాళ్లకి, కాబట్టి మేమే. పాత మిత్రదేశాలకీ, కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాలకీ మాటిచ్చేటప్పుడూ మేమే. ఆ తర్వాత అవతలి పక్షం వైపు తిరుగుతాడు, సోవియట్ పేరెత్తడు గానీ అందరికీ తెలుసు, ఇరుపక్షాలమూ కొత్తగా మొదలుపెడదాం అంటాడు. అది మనం కాక ఇంకేంటి? 'మేము' కాస్తా 'మనం' అయ్యే ఆ చోటు ఇంగ్లీషులో చదివినప్పుడు నాకు తట్టనే లేదు.

చింతచెట్టు:
ఇంత గొడవెందుకు, సర్వనామం ఎత్తేయండి. 'చెల్లిస్తాం', 'మోస్తాం' రెండింటికీ సరిపోతాయి.

పాతపేపర్లు:
క్రియ దగ్గర తప్పించుకోవచ్చు, ఒప్పుకుంటా. కానీ 'అవర్' (our) వచ్చినప్పుడు? మా దేశమా, మన దేశమా తేల్చాల్సిందే. పైగా 'మొదలుపెడదాం' అన్నారా, ఆ 'దాం'లోనే మనం కూర్చుని ఉంది, మేమును రానివ్వదు.

రెండోబెంచీ:
లింకన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు, 1861 మార్చి 4న ఇచ్చిన ప్రసంగం చివర కూడా ఇదే. అప్పటికే ఏడు దక్షిణాది రాష్ట్రాలు మీతో మాకు సంబంధం లేదని వెళ్లిపోయాయి. అంతర్యుద్ధం సంగతి మీ చేతుల్లో ఉంది, నా చేతుల్లో లేదు అని వాళ్లకి మొహం మీదే చెప్పి, నాలుగు వాక్యాలు దాటగానే మనం శత్రువులం కాదు, మిత్రులం అంటాడు. 'మేము వేరు' అన్నవాళ్లని పట్టుకుని మనం అనడం! తెలుగులో అయితే అది వినగానే గుచ్చుకుంటుంది. పని మాత్రం చెయ్యలేదు లెండి, నలభై రోజులు తిరక్కుండానే ఫోర్ట్ సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి, అంతర్యుద్ధం మొదలైంది.

గోదారిగట్టు:
సరే, మొదటి సగం మేము, 'దాం' వచ్చిన దగ్గర్నుంచి మనం. నిన్న రాసిన నాలుగు పేజీలూ కొట్టేశాను.