అప్‌డేట్: రాత్రి వంట మారింది (కొంచెం)

రోజూ రాత్రి చపాతీ, బంగాళాదుంప కూర, లేదంటే ఉప్మా. ఇంట్లో అందరికీ మొహం మొత్తింది, ఏం చేయను అని నెల కిందట అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో మూడు చేశాను.

ఉగ్గాని సూపర్ హిట్. బొరుగులు నీళ్లలో వేసి వెంటనే పిండేయాలని చెప్పినా వినకుండా మొదటిసారి నాననిచ్చాను, ముద్దయింది. రెండోసారి పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండితే గిన్నె ఖాళీ. దాంతో నంజుకునే బజ్జీలు మాత్రం నా వల్ల కాదు, బయటి నుంచే.

సర్వపిండి కథ వేరు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు కలిపి, గిన్నె అడుగున నూనె రాసి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె చుక్కలు వేశా. సన్నమంట మీద అంచులు ఎర్రబడి ఘుమఘుమలాడింది. రెండోదానికి కాలే గిన్నెలోనే పిండి ఒత్తబోయి వేళ్లు చురుక్కుమన్నాయి! ఇప్పుడు రెండు గిన్నెలు పెట్టుకుంటున్నా; ఒకటి చల్లారేలోపు ఇంకోటి.

జొన్నరొట్టె ఇంకా విరుగుతూనే ఉంది. వేడినీళ్లతోనే కలుపుతున్నా. మా అత్తయ్య చూసి నవ్వి, "పిండి పాతదేమో అమ్మా" అన్నారు. ఈ ఆదివారం కొత్తగా పట్టించి చూస్తా.

చపాతీ వారానికి రెండు రోజులే ఇప్పుడు.