ఎడిసన్ ‘చివరి శ్వాస’ ట్యూబును పరీక్షించాలా, వద్దా?

గాజుపలక: అమెరికాలోని డియర్‌బోర్న్‌లో కార్ల కంపెనీ హెన్రీ ఫోర్డ్ 1929లో పెట్టిన మ్యూజియంలో మూతి మూసేసిన టెస్ట్‌ట్యూబు ఒకటుంది. 1931 అక్టోబరు 18న ఎడిసన్ పోయాక ఆయన కొడుకు చార్లెస్ ఎడిసన్, హెన్రీ ఫోర్డ్‌కి ఇచ్చిన కానుక. అందులో ఎడిసన్ చివరి శ్వాస ఉందంటారు. లోపలి గాలిని పరీక్షించి తేల్చేయాలన్నది నా వాదన. మనం వదిలే ఊపిరిలో ఆక్సిజన్ 16 శాతం, కార్బన్ డయాక్సైడ్ 4-5 శాతం. గది గాలిలో ఆక్సిజన్ 20.9, కార్బన్ డయాక్సైడ్ 0.04. తేడా దాగేది కాదు.

మైనంముద్ర: తేడా మిగిలి ఉంటే కదండీ! ట్యూబును నోటి దగ్గర పెట్టి ఎవరూ ఊపిరి పట్టలేదు. చార్లెస్ చెప్పిందే చూడండి: మంచం పక్కన స్టాండులో ట్యూబులున్నాయి, నాన్నకు కెమిస్ట్రీ అంటే ప్రాణం, ఆయన పోగానే డాక్టర్ హ్యూబర్ట్ హోవ్ చేత పారఫిన్ మైనంతో సీలు వేయించాను అని. అంటే లోపలికి పోయింది చాలావరకు గది గాలే. పైగా పారఫిన్‌లోంచి వాయువులు మెల్లగా దాటుతాయి. చల్లబడితే మైనం గాజుకన్నా ఎక్కువ ముడుచుకుంటుంది, అంచున వెంట్రుకవాసి చీలిక చాలు. తొంభై ఏళ్లు దాటాక లోపలా బయటా ఒకటే గాలి. సూది గుచ్చితే సీలు పోతుంది, రిపోర్టులో మామూలు గాలని వస్తుంది.

గాజుపలక: సూది ఎందుకు? ఇంజెక్షన్ మందుల వయల్స్ (చిన్న గాజుసీసాలు) తెరవకుండానే లోపలి ఆక్సిజన్ చూసే లేజర్ ఉందిగా. 760 నానోమీటర్ల కాంతి గాజును దాటిపోతుంది, ఆక్సిజన్ మాత్రం దాన్ని కొంత పీల్చుకుంటుంది. ట్యూబు బయట దారిలో ఉన్న ఆక్సిజన్ లెక్కలో కలవకుండా నైట్రోజన్ పారించాలి. ముందు అదే వ్యాసం, అదే మందం ఉన్న ఖాళీ ట్యూబుతో పరికరాన్ని క్యాలిబ్రేట్ చేసుకోవాలి, అంటే కొలత సరిచూసుకోవాలి.

మైనంముద్ర: పద్ధతి బాగుంది, ప్రశ్నే బాగాలేదు. 20.9 వస్తే, మొదటినుంచీ గది గాలేనా, తర్వాత సీలు కారిందా? రెండింటికీ అదే అంకె. దానికోసం పెళుసుబారిన మైనాన్ని క్లాంపులో బిగించడం నాకు నచ్చదు.

పాతసామాను: ఇద్దరూ గాలి దగ్గరే ఆగిపోయారు. అదే మ్యూజియానికి 1956లో చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే ఇచ్చిన 1601 నంబరు అలెఘెనీ ఆవిరి రైలింజన్ ఉంది. అది నిజమో కాదో ఇనుమే చెబుతుంది. ఈ ట్యూబుకు ఆధారం చార్లెస్ మాట, అది ఫోర్డ్ ఇంట్లో ఆయన భార్య క్లారా పోయాక 1950లో దొరకడం, అంతే. కాబట్టి లేబుల్‌మీద ‘ఎడిసన్ పోయిన గదిలో సీలు వేసిన టెస్ట్‌ట్యూబు’ అని రాయాలి. ‘చివరి శ్వాస’ అన్నది కింద, జనం అనుకునే మాటగా చిన్నక్షరాల్లో చాలు. ఇంకో సంగతి, ట్యూబును చూపించే అద్దాల పెట్టె లోపల దీపం పెట్టకూడదు. పారఫిన్ కరగడానికి చాలా ముందే మెత్తబడుతుంది, స్పాట్‌లైటు వేడికి సీలు జారితే మీ వాదన ఇద్దరిదీ అక్కడితో సరి.

గాజుపలక: లేబుల్ విషయంలో ఒప్పుకుంటాను. లేజర్ విషయంలో మాత్రం కాదు. 20.9 కన్నా తక్కువ వస్తే?