5x2x2 ప్లాంటెడ్ ట్యాంక్, బోరు నీళ్లు: ఏ చేపలు కలిసి బతుకుతాయి?

మొక్కలవాడు

అందరికీ నమస్తే. ఉండేది హైదరాబాద్. మొక్కలు పెంచే చేపల ట్యాంక్ 5x2x2 అడుగులు. సాయిల్ (మొక్కల పోషకాలున్న మట్టి), రాళ్లు, కర్రలు పోను 450 లీటర్ల నీళ్లు పడతాయి. వెనక సాయిల్, ముందు సన్న ఇసుక. ట్యాంక్ బయట పెట్టే కానిస్టర్ ఫిల్టర్లు రెండు, మొక్కలకు సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ ఉన్నాయి. వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్, అనుబియాస్, జావా ఫెర్న్ నాటాను. చేపలు ఇంకా వేయలేదు.

నీళ్లు బోరువి: టీడీఎస్ (కరిగిన మొత్తం లవణాలు) 720, జీహెచ్ (మొత్తం కాఠిన్యం) 18, కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) 11, పీహెచ్ 7.8. హాల్లో ఏసీ లేదు, మే నెలలో ట్యాంక్ 32 డిగ్రీలకు వెళ్తుంది.

అనుకుంటున్న చేపలు: ఏంజెల్ 6, నియాన్ టెట్రా 30, టైగర్ బార్బ్ 10, డెనిసన్ బార్బ్ 8, కోరీ (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్) 10, పాచి తినడానికి సక్కర్ 2. వీటిలో ఏవి తీసేయాలి? ఆర్వో నీళ్లు కలపాలంటే ఎంత కలపాలి?

వాలిస్నేరియా_వనం

మీ జాబితాలో ఏంజెల్, కోరీ మాత్రమే నిలుస్తాయి. ముందు వేడి సంగతి చూడండి, చేపల గొడవలు తర్వాత.

డెనిసన్ బార్బ్ కేరళ, దక్షిణ కర్ణాటక పడమటి కనుమల వాగుల చేప. వేగంగా పారే చల్లటి నీళ్లు, నిండా ఆక్సిజన్ దానికి అలవాటు. 25 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8.2 మిల్లీగ్రాముల వరకు ఆక్సిజన్ కరుగుతుంది, 32 దగ్గర 7.3 మాత్రమే. పైగా రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. అందుకే డెనిసన్‌లు సాధారణంగా తెల్లవారుజామున పోతాయి, పగలు పరీక్షిస్తే నీళ్లు బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. నీళ్లు చల్లబరిచే చిల్లర్ పెట్టే ఉద్దేశం లేకపోతే వాటిని మర్చిపోండి. సహజ ఆవాసంలో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి కూడా.

నియాన్‌కు 26 దాటితే కష్టం. దాని బదులు కార్డినల్ టెట్రా 29 దాకా తట్టుకుంటుంది. కానీ రెండూ సన్నటివి, పెరిగిన ఏంజెల్ నోట్లో పట్టేస్తాయి. ఏంజెల్ కావాలంటే రమ్మీనోస్ టెట్రా వేయండి. 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఎప్పుడూ గుంపుగా తిరుగుతుంది. నీళ్లు చెడితే ముక్కు మీది ఎరుపు పాలిపోతుంది, టెస్ట్ కిట్ తీసే ముందే తెలిసిపోతుంది. 25 నుంచి 30 వేయండి. ఎనిమిదో పదో వేస్తే మూలల్లో నక్కుతాయి.

టైగర్ బార్బ్ ఏంజెల్ పొడుగు రెక్కల్ని కొరికేస్తుంది. "పది వేస్తే వాటిలో అవే కొట్టుకుంటాయి" అని దుకాణాల్లో చెప్పేది సగం నిజం. బార్బ్‌లే ఉన్న ట్యాంక్‌లో అయితే సరే, నిదానంగా ఈదే చేపల పక్కన వద్దు.

సక్కర్ అసలు వద్దు. రెండంగుళాల పిల్లగా కొంటారు, అది పెరిగి అడుగు దాటుతుంది. పెరిగేకొద్దీ పాచి మానేసి మేత కోసం ఎగబడుతుంది, మొక్కల వేళ్లు పెకలిస్తుంది, వెడల్పు ఆకుల్ని గీరేస్తుంది. పెద్దదయ్యాక చెరువులో వదిలేసేవాళ్లకు ఒక మాట: రెండు రాష్ట్రాల చెరువుల్లో, కాలువల్లో అది ఇప్పటికే చేరి జాలర్ల వలలు పాడుచేస్తోంది. పాచి కోసం బ్రిసిల్‌నోస్ ప్లెకో 2 చాలు, 12-15 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఆడదీ మగదీ తీసుకోండి, లేదా రెండూ ఆడవే. రెండు మగవైతే గుహ కోసం కొట్లాట.

కోరీల్లో స్టెర్బై తీసుకోండి, 28 డిగ్రీల్లోనూ హాయిగా ఉంటుంది. పాండా, పెప్పర్డ్ రకాలు చల్లటి నీళ్లవి.

ఆర్వో లెక్క: సగం సగం కలిపితే జీహెచ్ 9, కేహెచ్ 5-6, టీడీఎస్ 375 దగ్గరికి వస్తాయి. ఏంజెల్, రమ్మీనోస్, స్టెర్బైలకు ఇది చాలు, ఎందుకంటే మన దగ్గర దొరికే ఏంజెల్‌లు ఎక్కువగా ఫారాల్లో పెరిగినవే. రెండు వంతుల ఆర్వో, ఒక వంతు బోరు కలిపితే జీహెచ్ 6 వస్తుంది. గుడ్లు పొదిగించాలంటే తప్ప అంత దూరం పోనక్కర్లేదు. వారానికి 30 శాతం నీళ్లు మారిస్తే 135 లీటర్లు, అందులో 68 ఆర్వో. వంటింటి మెషీన్ గంటకు పదో పదిహేనో లీటర్లిస్తుంది, ముందురోజే డ్రమ్ములో పట్టుకోవాలి.

కృష్ణాతీరం

పై గారి లెక్క సరైనదే, కానీ నేను వేరే దారి చెప్తాను. ప్రతి వారం 68 లీటర్ల ఆర్వో అంటే దానికి రెట్టింపు పైనే నీళ్లు మోరీ పాలు. ఎండాకాలంలో బోరు అడుగంటుతుంటే ఇది మూడు నెలలు కూడా సాగదు. ఆర్వో ఆపిన వారం టీడీఎస్ ఒక్కసారి 375 నుంచి 480 దగ్గరికి ఎగబాకితే, మొదటినుంచీ బోరు నీళ్లలో ఉన్న చేపకంటే ఈ చేపకే ఎక్కువ దెబ్బ. నీళ్లకు తగ్గ చేపను ఎంచుకోవడం తేలిక.

బోసెమాని రెయిన్‌బో 10. ఇండోనేషియాలోని నైరుతి పపువాలో ఉన్న అయమారు సరస్సుల చేప, పీహెచ్ 7 నుంచి 8, 30 డిగ్రీల వేడి దానికి మామూలే. పెరిగితే 10-11 సెంటీమీటర్లు, ఐదడుగుల పొడవూ వాడుకుంటుంది. దుకాణంలో పిల్లలు బూడిదరంగులో ఉంటాయని జనం కొనరు. మగవాటికి ముందు సగం నీలం, వెనక సగం నారింజ తేలడానికి ఏడాది పడుతుంది. నాలుగు మగ, ఆరు ఆడ ఉండేలా చూడండి. వేరే రెయిన్‌బో రకంతో కలపకండి, సంకరం అయిపోతాయి.

మధ్యలో ఆకర్షణకు పెర్ల్ గౌరామి 4: ఒక మగ, మూడు ఆడ. మగదానికి గొంతు నారింజరంగు, వీపు రెక్క కొనదేలి ఉంటుంది. పైకొచ్చి గాలి పీల్చుకునే చేప, మే నెలలో ఆక్సిజన్ తగ్గినా తట్టుకుంటుంది. అడుగున కోరీ 10, బ్రిసిల్‌నోస్ 2. వీటికి మూడో వంతు ఆర్వో చాలు, జీహెచ్ 12 అవుతుంది, వారానికి 45 లీటర్లు. ఒక్కో వారం కుదరకపోయినా పెద్ద తేడా పడదు.

మీకు ఏంజెల్ మీదే మనసుంటే వేయండి, కానీ ఆరింటిలో జత కుదిరాక అది ట్యాంక్‌లో సగం ఆక్రమించి మిగతావాటిని మూలకు తోస్తుంది. అప్పుడు మిగిలిన నాలుగింటికి ఇంకో చోటు చూడాలి. ఇది ముందే అనుకోండి.

మొక్కలవాడు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆర్వో మాట విన్నాక రెయిన్‌బో, గౌరామి వైపే మొగ్గుతున్నాను. వేసే వరుస ఎలా? మే నెలకు ఫ్యాన్ సరిపోతుందా? నల్లపాచికి సయామీస్ ఆల్గీ ఈటర్ వేయొచ్చా?

వాలిస్నేరియా_వనం

మంచి నిర్ణయం, ఒప్పుకుంటున్నాను.

ముందు సైక్లింగ్ (అమ్మోనియాను, నైట్రైట్‌ను తినే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగడం) పూర్తయిందో లేదో చూడండి. కొత్త సాయిల్ తనంతట తానే అమ్మోనియా వదులుతుంది, కాబట్టి టెస్ట్ చేశాకే బయటినుంచి వేయండి. సున్నా ఉంటే 450 లీటర్లకు 2.8 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేస్తే 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వస్తుంది. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగాలి. అమ్మోనియా పోయి నైట్రైట్ మిగిలితే ఇంకా కాలేదని అర్థం, చాలామంది ఇక్కడే తొందరపడతారు. పూర్తయ్యాక సగం నీళ్లు మార్చి చేపలు వేయండి.

వరుస: మొదట కోరీలు, తర్వాత రెయిన్‌బోలు, ఆఖరున గౌరామి. బ్రిసిల్‌నోస్ అద్దాల మీద పాచి కనిపించాకే. ప్రతి విడతా 50 లీటర్ల టబ్బులో స్పాంజ్ ఫిల్టర్ పెట్టి మూడు నాలుగు వారాలు విడిగా ఉంచండి. తెల్లచుక్కలు వస్తే ఆ టబ్బులోనే 30 డిగ్రీలు, లీటరుకు 2 గ్రాముల కల్లుప్పు. ఆ ఉప్పు మెయిన్ ట్యాంక్‌లో వేస్తే మొక్కలు దెబ్బతినొచ్చు. మిథిలీన్ బ్లూ అయితే సాయిల్‌కు రంగు పట్టిస్తుంది, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాను చంపుతుంది.

కృష్ణాతీరం

ఫ్యాన్ గురించి. నీటి ఉపరితలం మీద రెండు క్లిప్ ఫ్యాన్లు పెడితే 2 నుంచి 4 డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ పొడిగాలికి బాగా పనిచేస్తుంది. విజయవాడ, విశాఖ ఉక్కలో నీళ్లు అంతగా ఆవిరి కావు కాబట్టి ఫలితం తక్కువ. ఆవిరైపోయేది నీళ్లే, లవణాలు అక్కడే ఉండిపోతాయి. రోజూ తగ్గిన మేర బోరు నీళ్లు పోస్తే నెల తిరిగేసరికి టీడీఎస్ ఎక్కడికో వెళ్తుంది. తగ్గినదానికి ఆర్వో మాత్రమే పోయండి, బోరు కలిపినవి వారపు మార్పిడికి. ఫ్యాన్ల కోసం మూత తీస్తే రెయిన్‌బో దూకుతుంది, మూత బదులు ప్లాస్టిక్ దోమల జాలి బిగించండి.

సీవోటూ లైటు ఆగడానికి గంట ముందే ఆపేసి, రాత్రంతా ఎయిర్ పంప్ టైమర్ మీద పెట్టండి. డ్రాప్ చెకర్ (నీళ్లలో సీవోటూ ఎంతుందో రంగుతో చూపే చిన్న బుడ్డి) పసుపుకు తిరిగినా, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచినా వెంటనే సీవోటూ కట్టేసి గాలి పెట్టండి. గౌరామి పైకి రావడం మామూలే, దాన్నిబట్టి కాదు, రెయిన్‌బోను చూసి అంచనా వేయాలి.

సయామీస్ 3 వేయొచ్చు, కానీ దుకాణాల్లో ఆ పేరుతో వేరేవి అంటగడతారు. అసలుదానికి నల్లచార తోక చీలిక చివరిదాకా సాగుతుంది, రెక్కలకు రంగుండదు. రెక్కల మీద పసుపో నలుపో ఉంటే ఫ్లయింగ్ ఫాక్స్. నోరు అద్దానికి అతుక్కుపోయి ఉంటే, ఒళ్లు బంగారు రంగైనా సరే, అది చైనీస్ ఆల్గీ ఈటర్. పెద్దదైతే మిగతా చేపల ఒంటిమీది జిగురును గీరుతుంది. నిదానంగా తిరిగే మీ గౌరామి దానికి మొదట దొరుకుతుంది.