‘గురువు’ అంటే చీకటి పోగొట్టేవాడా, బరువైనవాడా?

తత్త్వజిజ్ఞాసి: ‘గురు’ శబ్దానికి అసలు అర్థం బరువేననీ, చీకటి సంగతి తర్వాత అల్లిందనీ వేరే చర్చలో ఒకరు రాసి వెళ్లిపోయారు. అద్వయతారకోపనిషత్తు ఏమంటోంది? ‘గుశబ్దస్త్వంధకారః స్యాత్ రుశబ్దస్తన్నిరోధకః’. గు అంటే చీకటి, రు అంటే దాన్ని అడ్డుకునేది. ఉపనిషత్తే చెప్పాక ఇంకా వాదమేమిటండీ?

నిఘంటుపురుగు: రాసింది నేనే. ‘అల్లింది’ అన్న మాట వెనక్కి తీసుకోను. ఋగ్వేదం 1.39.3లో మరుత్తులనే గాలి దేవతలు ‘గురు’ను దొర్లిస్తారు, అంటే బరువైనదాన్ని. 4.5.6లో ‘గురుం భారం’ అనే ఉంది. బోధకుడి ఊసే లేదు. గ్రీకు ‘బరుస్’, లాటిన్ ‘గ్రావిస్’ దీనికి చుట్టాలే, వాటి అర్థమూ బరువే. పాణిని వ్యాకరణ సూత్రం 6.4.157 గురు స్థానంలో ‘గర్’ను పెడుతుంది. గరీయసి, గరిష్ఠ, గరిమ అలా వచ్చినవే. మీ ‘గు’, ‘రు’ రెండు ముక్కలైతే గరిమలో చీకటి ఎటు పోయింది? అమరకోశంలో గుర్విణి అంటే గర్భిణి. ఆవిడ ఎవరి చీకటి పోగొడుతోంది?

ఛందోభిమాని: గురుత్వాకర్షణను మరిచిపోయారు.

తత్త్వజిజ్ఞాసి: వెటకారం అక్కర్లేదు. ‘గౄ శబ్దే’, అంటే పలకడమనే అర్థంలో ‘గౄ’ ధాతువుంది. ‘గృణాతి’, ఉపదేశిస్తాడు కాబట్టి గురువు. ధాతువుల నుంచి మాటలు సాధించే ఉణాది సూత్రాల్లో ‘కృగ్రోరుచ్చ’తో ఈ రూపం సాధిస్తారు. అందులో బరువెక్కడుంది?

నిఘంటుపురుగు: చీకటి వదిలేసి శబ్దానికి వచ్చారన్నమాట. ‘గౄ’ నుంచి తీస్తే గు, రు విడివిడి మాటలు కావు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకండి. ‘గౄ నిగరణే’ కూడా ఉంది, మింగడం. అజ్ఞానాన్ని మింగేవాడని దాన్నుంచీ చెప్పారు. ఎన్నని పట్టుకుంటారు?

పాతతాళపత్రం: ఎన్నయినా పట్టుకోవచ్చు. నిర్వచనం వేరు, మాట పుట్టుక వేరు. వేదపదాలకు అర్థం చెప్పే నిరుక్తం 1.4లో యాస్కుడు ‘ఆచార్య’ శబ్దానికి వరసగా మూడు చెప్పాడు: ఆచారం పట్టిస్తాడు, అర్థాలు పోగుచేస్తాడు, బుద్ధిని పోగుచేస్తాడు. గురుగీతలోనే ‘గు’ ఒకచోట చీకటి, ఇంకోచోట గుణాతీతం. ‘రు’ ఒకచోట తేజస్సు, ఇంకోచోట రూపవర్జితం. ఇవి మననానికి చెప్పినవి. సంధి విడదీసినట్టు విడదీసి ‘సంస్కృతంలో గు అంటే చీకటి’ అని పాఠం చెప్పడంతోనే వస్తుంది తంటా. ఇలాంటి నిర్వచనాల్లో తప్ప ‘గు’ను చీకటికి విడిగా వాడిన వాక్యం ఒక్కటి చూపించండి.

తత్త్వజిజ్ఞాసి: ఇద్దరూ కూడబలుక్కుని వచ్చినట్టున్నారు. లెక్కలు చెప్పేవాడూ బ్రహ్మజ్ఞానం ఇచ్చేవాడూ ఒకటేనా? ముండకోపనిషత్తు 1.2.12 ‘స గురుమేవాభిగచ్ఛేత్’ అంది, గురువు దగ్గరికే వెళ్లాలని. ఉత్త బరువే అర్థమైతే దారినపోయే ప్రతివాడూ గురువే!

నిఘంటుపురుగు: ఇదీ అసలు సంగతి! చీకటి పేరు చెప్పి మీరు కాపాడుతున్నది ఈ గోడను. మనుస్మృతి 2.142 ప్రకారం నిషేకం (గర్భాధానం) మొదలైన కర్మలు చేసి, అన్నం పెట్టి పెంచినవాడు గురువు, అంటే తండ్రి. 2.149 ప్రకారం కొంచెమో గొప్పో చదువుతో మేలు చేసినవాడూ గురువే. జీవనానికి పాఠం చెప్పేవాడు ఉపాధ్యాయుడు, 2.141. మన ‘ఒజ్జ’ ఆ మాటకే వికృతి. గీత 2.5లో ‘గురూన్’ అన్నవాళ్లలో భీష్ముడున్నాడు. ఆయన అర్జునుడికి ఏ మంత్రం ఉపదేశించాడు? ఇంటికి పెద్ద, అంతే. తల్లి వెయ్యిమంది తండ్రులను ‘గౌరవేణ’ మించుతుందని మళ్లీ మనుస్మృతే, 2.145. అక్కడ గౌరవమంటే తక్కెడలో తూచిన బరువే.

తత్త్వజిజ్ఞాసి: ధర్మశాస్త్రం వ్యవహారానికి, ఉపనిషత్తు మోక్షానికి. ఒకే తక్కెడలో వెయ్యకండి.

పాతతాళపత్రం: ఛాందోగ్యం 8.15 ఒకే వాక్యంలో ‘ఆచార్యకులాత్’ అనీ ‘గురోః’ అనీ అంటోంది. వేదం చెప్పినవాడూ, శిష్యుడు పనులు చేసిపెట్టవలసినవాడూ ఒకరే. ఉపనిషత్తులోనే మీ గోడ లేదు. ఇక ముండకం వాక్యం పూర్తిగా చదవండి: గురువు దగ్గరికే వెళ్లమని ఊరుకోలేదు, ‘శ్రోత్రియం బ్రహ్మనిష్ఠం’, అంటే వేదం చదివినవాడు, బ్రహ్మంలో నిలిచినవాడు అని చేర్చింది. ఆ లక్షణాలు గురు శబ్దంలోనే ఉంటే విడిగా చెప్పడమెందుకు?

తత్త్వజిజ్ఞాసి: గురువునని చెప్పుకునే ప్రతివాడి వెంటా పడకుండా ఉండటానికి.

నిఘంటుపురుగు: నేనూ అదేగా అంటున్నది! మాట పూచీ పడదు, మనిషిని చూసుకోవాలి.

తత్త్వజిజ్ఞాసి: కాదు. మీరు మాటను చవక చేస్తున్నారు. అదీ నా అభ్యంతరం. గర్భిణి ప్రస్తావనకు ఇంకా సంజాయిషీ రాలేదు.

ఛందోభిమాని: ఇంత బరువు మోస్తున్న ‘గురు’లో ఛందస్సు ప్రకారం రెండక్షరాలూ లఘువులే, తేలికవే.

నిఘంటుపురుగు: ‘గురుః’ అని విసర్గ పెట్టండి, రెండోది గురువవుతుంది.

ఛందోభిమాని: తెలుగులో ‘గురువు’కు మూడూ లఘువులే. నగణం.