డాక్టర్ ఫాస్టస్‌ది జ్ఞానదాహమా, అత్యాశా?

చదువరి:
ఇంగ్లిష్ నాటకకర్త మార్లో రాసిన 'డాక్టర్ ఫాస్టస్' మళ్లీ చదివాను. 24 ఏళ్లు అడిగింది దొరికితే చాలని ఆత్మను సాతాను లూసిఫర్‌కు రాసిచ్చిన పండితుడి కథ. అందరూ జ్ఞానదాహం అంటారు, నేను ఒప్పుకోను. మొదటి సీన్‌లో బైబిల్ తెరుస్తాడు. 'పాపమువలన వచ్చు జీతము మరణము' అని చదివి మూసేస్తాడు. దేవుని కృపావరము నిత్యజీవము అనేది ఆ వాక్యంలోనే ఉంది. సగం వాక్యం చదివేవాడికి దాహమేమిటి?

నేలబెంచీ:
ఆ సగం వాక్యం సంగతే చూద్దాం. 1616లో అచ్చైన ప్రతిలో, ఫాస్టస్ సేవకు వచ్చిన దయ్యం మెఫిస్టోఫిలిస్ తనే ఒప్పుకుంటాడు, పేజీలు తిప్పిందీ నీ కంటిని నడిపిందీ నేనేనని.

చదువరి:
మార్లో పోయింది 1593లో. 1602లో నాటకశాల యజమాని హెన్స్‌లో 4 పౌండ్లిచ్చి వేరేవాళ్లతో ఈ నాటకానికి చేర్పులు రాయించాడు. ముందు 1604లో అచ్చైన ప్రతిలో మీరు చెప్పే మాట లేనే లేదు.

మేఘమాల:
జనవరి చలిలో డ్యూక్ భార్యకు ఫాస్టస్ మంత్రంతో ద్రాక్షపళ్లు తెప్పించే సీన్ రెండు ప్రతుల్లోనూ ఉంది. ఆత్మనమ్ముకుని చేసింది ఇదా అని ఏడుపొచ్చింది నాకు.

నేలబెంచీ:
దాహం లేదంటారు, ఫాస్టస్ జ్ఞానం అడగలేదా? లోకాన్ని చేసిందెవరంటే చెప్పనన్నాడు మెఫిస్టోఫిలిస్. గ్రహాల గురించి అడిగితే ఫాస్టస్ నౌకరు వాగ్నర్‌కు కూడా తెలిసిన సంగతులే చెప్పాడు.

చదువరి:
ఒప్పందం నెత్తుటితో రాస్తుంటే రక్తం గడ్డకట్టింది, 'మనిషీ, పారిపో' అని చేతి మీద అక్షరాలు తేలాయి. అయినా ఆ పత్రం ఇచ్చేశాడు. మీరు ప్రతిసారీ అతన్నే వెనకేసుకొస్తారు.

నేలబెంచీ:
వస్తాను. పీహెచ్‌డీ చేస్తానంటే మా ప్రొఫెసర్ ముందు అడిగింది మీ నాన్న ఏం చేస్తాడని. చెప్పులు కుడతాడన్నాను. 'ఆశకు హద్దుండాలి, ఈ చదువు చాలు' అన్నారు. మార్లో తండ్రి కూడా కాంటర్‌బరీలో చెప్పులు కుట్టినవాడే. ఫాస్టస్‌ది తక్కువ పుట్టుకని, కథ చెప్పే కోరస్ మొదట్లోనే చెబుతుంది. మైనపు రెక్కలతో మితిమీరి ఎగిరి కూలాడన్న మాట ఆ తర్వాతే. రాజు దేశాలు కోరితే పరాక్రమం, ఇతను కోరితే అత్యాశ. మీరూ ఆ ప్రొఫెసర్ మాటే అంటున్నారు.

తిరగలి:
ఇద్దరూ కాస్త నెమ్మది.

చదువరి:
ఆ మాట నాకు అంటగట్టకండి. మీకు జరిగింది అన్యాయమే. నా బాధ వేరు. ఫాస్టస్ చివర్లో 'నా పుస్తకాలు తగలబెట్టేస్తాను' అని అరుస్తాడు. మా తమ్ముడు సివిల్స్ నాలుగోసారి పోయాక పెరట్లో నిజంగానే తగలబెట్టాడు. బకెట్‌తో నీళ్లు పోసింది నేను. అట్టల అంచులు కాలి, లోపలి నోట్స్ అలాగే మిగిలాయి. చదువును పదవికి మెట్టు చేసుకుంటే ఏమవుతుందో కళ్లారా చూశాను.

నేలబెంచీ:
మీరు తమ్ముణ్ణి తప్పుపడుతున్నారు. నేను ఆ మెట్టు కట్టినవాళ్లను తప్పుపడతాను. మన గొడవ ఇదీ, ఫాస్టస్ కాదు. ఇప్పుడెలా ఉన్నాడండీ?

చదువరి:
బాగున్నాడు. పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. వాడిని తప్పుపట్టానేమో, ఒప్పుకుంటాను. సగం వాక్యం సంగతి మాత్రం 1604 ప్రతి ప్రకారమే చూడాలి.